ఎక్సెల్ షీటును వెబ్‌సైట్‌లో పెట్టడం వస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. సాయంత్రాలు ఒక ట్యూషన్ సెంటర్‌లో పిల్లల వివరాలు, మార్కులు ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటాను. ఈమధ్య వాటిని వెబ్‌సైట్‌లో పట్టికలుగా పెట్టమన్నారు. కాపీ చేసి పేస్ట్ చేస్తే అంతా చిందరవందరగా వచ్చింది. ఈ పని నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా? కోర్సులో చేరాలా?

జవాబు: డబ్బు కట్టి కోర్సులో చేరడానికి తొందరపడకండి. పట్టిక తయారుచేయడం ఒక్కటే వస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ పని ఉచితంగా చేసిపెట్టే టూల్స్ బోలెడున్నాయి. జీతం వచ్చేది దానికి ముందు చేసే పనికి, అంటే షీటులో తప్పు ఎక్కడ దొర్లిందో పసిగట్టడానికి.

మీ ఇంటి డోర్ నంబరు 3-12 అనుకుందాం. ఎక్సెల్‌లో అలాగే కొట్టి చూడండి, తేదీ అయిపోతుంది. సున్నాతో మొదలయ్యే రోల్ నంబరులో ఆ సున్నా ఎగిరిపోతుంది. 16 అంకెల నంబరు ఎక్కిస్తే చివరి అంకె సున్నాగా మారిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెలవరకే సరిగ్గా ఉంచుకుంటుంది. అలాంటి కాలమ్‌ను టైప్ చేయడానికి ముందే టెక్స్ట్‌గా మార్చాలి, తర్వాత మారిస్తే పోయింది తిరిగి రాదు. ఈ బాధ మనకే కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలు చేసేస్తుంటే, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెట్టాను. పేర్లు కదిలాయి, మార్కులు కదల్లేదు. ఒకరి మార్కులు ఇంకొకరికి పడ్డాయి. ఆ సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్లకు జవాబు చెప్పలేక నాకు చెమటలు పట్టాయి.

ఇక మీ పట్టిక సంగతి. నేరుగా పేస్ట్ చేస్తే ఎక్సెల్‌లోని ఫాంట్లు, రంగులు, వెడల్పులు కూడా వెంట వచ్చేస్తాయి, చిందరవందర అందుకే. ముందు మెర్జ్ చేసిన, అంటే ఒకటిగా కలిపేసిన గడులన్నీ విడగొట్టండి. షీటును ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకంగా సేవ్ చేయండి. సీఎస్‌వీ అంటే రంగులూ ఫాంట్లూ లేకుండా, గడుల మధ్య కామాలతో ఉండే ఉత్త అక్షరాల ఫైలు. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉంది. ఆ తర్వాత వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో టేబుల్ (పట్టిక), టీఆర్ (వరుస), టీహెచ్ (శీర్షిక గడి), టీడీ (మామూలు గడి) అనే నాలుగు ట్యాగులు, అంటే గుర్తులు తెలిస్తే చాలు, ఒక మధ్యాహ్నం పని. శీర్షికల వరుసకు తప్పకుండా టీహెచ్ వాడండి. చూపు లేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్నిబట్టే ఏ అంకె ఏ కాలమ్‌దో చెబుతుంది. పేజీని ఫోన్‌లో కూడా తెరిచి చూడండి, మీ సెంటర్ పిల్లల అమ్మానాన్నలు చూసేది అందులోనే.

వారం వారం ఇదే పని చేతితో చేయడం విసుగనిపించిన రోజున పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టండి. అందులో పాండాస్ అనే లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన కోడ్‌తో) ఎక్సెల్ ఫైలు చదివి పట్టికగా మార్చడానికి రెండు మూడు లైన్ల కోడ్ సరిపోతుంది. అవసరం పుట్టాక నేర్చుకున్నది బుర్రలో నిలుస్తుంది. బీకాం కాబట్టి డెబిట్, క్రెడిట్ తేడా మీకు తెలుసు. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ లెక్కలను రిపోర్టులుగా తయారుచేసే పని), డేటా అనలిస్ట్ ఉద్యోగాల వైపు వెళ్లేటప్పుడు అది మీకు కలిసొస్తుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా, జనాభా లెక్కల్లోంచి మీ మండలం వివరాలు తీసుకుని మీరే చేసిన ఒక పేజీ చూపించండి. వెబ్‌పేజీలు పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్ అనే సైట్‌లో దాన్ని ఉచితంగా పెట్టుకోవచ్చు.

అన్నట్టు, ఎక్సెల్‌లో ‘హైడ్’ చేసిన కాలమ్ సీఎస్‌వీలోకి నిక్షేపంగా వచ్చేస్తుంది. 2023లో ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకు జవాబుగా ఇచ్చిన స్ప్రెడ్‌షీట్‌లో దాచిన షీటు ఒకటి ఉండిపోయి, సుమారు 10 వేలమంది సిబ్బంది వివరాలు బయటపడ్డాయి. మీ సెంటర్ పేజీలో పిల్లల ఫోన్ నంబర్లు, ఫీజు బకాయిలు ఉన్నాయేమో ఈరోజే చూడండి. ఉంటే ముందు అవి తీసేసి, తర్వాత మీ సార్‌కు చెప్పండి.