సుంకి ఘాట్ తోలిన చేతులకి రెండు ట్రైలర్ల బండి

తమ్ముడూ, పొట్టంగి నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. "సాలూరు లారీతో పదేళ్లు సుంకి ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి, కెనడాలో రెండు ట్రైలర్ల బండి నాకో లెక్కా అన్నా?" అన్నావు. నేనూ ఆ ధీమాతోనే వచ్చాను.

ఘాట్‌లో మన టెన్షనంతా బ్రేకుల గురించీ, మలుపుల గురించీ. ఇక్కడ సస్కాచువాన్‌లో రోడ్డు గీత గీసినట్టుంటుంది, బండి బోల్తా పడేది ఆ తిన్నటి రోడ్డు మీదే. చిన్నప్పుడు చొక్కాలు పట్టుకుని రైలాట ఆడేవాళ్లం కదా, ఇంజను పిల్లాడు కాస్త వంకర తిరిగితే చివరివాడు బొక్కబోర్లా పడేవాడు. అదే ఇది. వేగంలో స్టీరింగ్ చటుక్కున అటూ ఇటూ తిప్పితే ఆ ఊపు వెనక్కి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. పొట్టి జంట ట్రైలర్లకి అది రెట్టింపని అమెరికా డ్రైవర్ల మాన్యువల్‌లో వేశారు.

పైగా ఆ ఊపు సీట్లో ఉన్నవాడికి తెలీదు. మొదటి చలికాలం జింక అడ్డొస్తే పక్కకి కోసి, ఏమీ కాలేదనుకుని పోయాను. డీజిల్ దగ్గర ఆగితే, నా వెనకే వచ్చిన డ్రైవరు "నీ చివరి చక్రాలు గాల్లోకి లేచాయి" అన్నాడు. ఆ రాత్రి అన్నం దిగలేదు. అందుకే చెప్తున్నా, స్టీరింగ్ తిప్పకుండా బండిని తిన్నగా ఉంచి బ్రేకు వెయ్యి. జింక పోతే పోయింది.

జీతం కంటే ముందు బండి ఏ రకమో అడుగు. ఎ-ట్రెయిన్‌లో రెండు ట్రైలర్ల మధ్య డాలీ, అంటే రెండోదాని ముందు భాగాన్ని మోసే చిన్న చక్రాల బండి, ఉంటుంది, కాబట్టి మూడు చోట్ల మడత పడుతుంది. బి-ట్రెయిన్‌లో రెండోది నేరుగా మొదటిదాని తోక మీదే కూర్చుంటుంది, మడతలు రెండే. అందుకే కుదురు ఎక్కువ. ధాన్యం తోలే సూపర్ బి అదే, 8 ఇరుసులు, సరుకుతో కలిపి 63,500 కిలోలు. ఎ-ట్రెయిన్ అయితే బరువు ట్రైలర్ ముందు, తేలికది వెనక. యార్డులో తొందరపెట్టి తిరగేసి తగిలించమంటే ఒప్పుకోకు.

2018 ఏప్రిల్ 6న ఇక్కడి హంబోల్ట్ ఊరి హాకీ జట్టు బస్సూ ఒక లారీ ఢీకొని 16 మంది పోయారు. ఆ లారీ కూడా రెండు ట్రైలర్లదే. లారీ డ్రైవరు పనికి కొత్త. వెనక కొట్టుకుంటున్న టార్పాలిన్ మీద ధ్యాస పెట్టి స్టాప్ బోర్డు దాటేశాడు. మరుసటి ఏడు నుంచి ఇక్కడ ట్రైలర్ లారీలు తోలే క్లాస్ 1 లైసెన్సుకి 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. డబ్బు దండగనకు. టార్పాలిన్ బిగించడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, వదులైతే బండి ఆపి దిగి కట్టు, అద్దంలో చూసుకుంటూ తోలకు.