రెండో చంద్రుడి కోసం అర్ధరాత్రి మేడెక్కాను, ఏమీ కనిపించలేదు

"2024లో భూమికి రెండో చంద్రుడు వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లాడన్నారు. నిజమేనా? ఎవరైనా చూశారా?" అని అడిగారు. చూడబోయి భంగపడ్డవాణ్ణి కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉంది.

మాది విజయవాడ, ఉద్యోగం గుంటూరులో. ఇంట్లో ఆరంగుళాల టెలిస్కోపు ఉంది. ఆ సెప్టెంబరు నెలాఖరుకు బుడమేరు వరద బురద నుంచి ఊరు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. టీవీలో మాత్రం రెండో చంద్రుడి హడావిడి మొదలైంది. ఒక చానెల్ ఉల్క అంది, ఇంకొకటి ఉపగ్రహం అంది. నిజానికి అది 2024 పీటీ5 అనే గ్రహశకలం, సుమారు పది మీటర్ల రాయి. దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు దాన్ని ఆగస్టు 7న కనిపెట్టింది. సెప్టెంబరు 29 అర్ధరాత్రి దాటాక, మన గడియారం ప్రకారం ఒంటిగంటా ఇరవైనాలుగు నిమిషాలకు, అది భూమి పట్టులోకి వస్తుందని లెక్క.

కింది వాటాలో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు ఒకడున్నాడు. "అంకుల్, నన్ను లేపండి" అని ముందే మాట తీసుకున్నాడు. వాళ్ల నాయనమ్మగారు మాత్రం "ఇద్దరు చంద్రులైతే నెలకు రెండు అమావాస్యలు చేయాలా నాయనా?" అని అడిగారు. నవ్వులాటకు కాదు, నిజంగానే.

మేడ మీద గంటసేపు దోమలతో గడిపాం. ఏమీ కనిపించలేదు, కనిపించే అవకాశమూ లేదు. ఆకాశంలోని వెలుగులను కొలిచే ప్రమాణాల్లో అంకె పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది. ఆ రాయి వెలుగు 22వ ప్రమాణంలో ఉంది. చీకటి పల్లెలో మంచి కళ్లకు కనిపించే అతి మసక నక్షత్రం 6వ ప్రమాణం. అంటే ఈ రాయి దానికన్నా దాదాపు 25 లక్షల రెట్లు మసక. దాన్ని పట్టాలంటే ముప్పై అంగుళాల అద్దం, దానికి తగిన కెమెరా కావాలి. ఈ లెక్క పగలే వేసుకోవలసింది, ఉత్సాహంలో వేసుకోలేదు. పిల్లవాడి ముఖం చూడలేక టెలిస్కోపును తూర్పున ఉన్న గురుగ్రహం వైపు తిప్పి, దాని పక్కన చుక్కల్లా ఉన్న చంద్రులను చూపించాను. ఒకటి అడిగితే నాలుగు వచ్చాయని వాడు సంతోషంగానే దిగాడు.

ఇక అసలు ప్రశ్న. అది చంద్రుడా? నా మటుకు కాదనే అంటాను. అది భూమి చుట్టూ ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. నవంబరు 25 దాకా, 57 రోజులకు ఒక పూట తక్కువగా, భూమి వేగానికీ దాని వేగానికీ తేడా బాగా తగ్గింది కాబట్టి లెక్కల్లో భూమికి కట్టుబడినట్టు తేలింది, అంతే. ఆ రోజుల్లో కూడా అది తిరుగుతున్నది సూర్యుడి చుట్టూనే.

నాకు ఇది రోజూ ఎక్కే రైల్లో అర్థమైంది. ఒక్కోరోజు మా గుంటూరు బండీ, తెనాలి వైపు పోయే బండీ కృష్ణ మీద పక్కపక్క వంతెనలు దాటతాయి. అవతలి కిటికీలో ఒకాయన ఇడ్లీ పొట్లం విప్పుతుంటాడు. ఆయన కాసేపు మెల్లగా ముందుకు జరుగుతాడు, కాసేపు వెనక్కి వస్తాడు, చట్నీ రంగు కూడా తెలుస్తుంది. రెండు బండ్లూ నిజానికి జోరుగానే పోతున్నాయి, తేడా మాత్రమే నడక వేగం. కృష్ణా కెనాల్ జంక్షన్ దాటగానే ఆయన దారి ఆయనది, నా దారి నాది. ఆయన నా చుట్టూ తిరిగాడని నేను చెప్పుకోగలనా?

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఈ రాయి కూడా ఇంచుమించు అదే వేగంతో, ఇంచుమించు అదే దారిలో పోతుంది. ఇలా భూమి కక్ష్యను పోలిన కక్ష్యల్లో తిరిగే రాళ్ల గుంపుకు ఖగోళ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరేమిటో తెలుసా? అర్జున. మహాభారతంలోని అర్జునుడే. పేరు పెట్టినవారికి మన ఇంద్రకీలాద్రి తట్టిందో లేదో గానీ, ఆయన తపస్సు చేశాడని చెప్పుకునే కొండ ఉన్న ఊళ్లో కూర్చుని ఇది చదివినప్పుడు నాకు మాత్రం ఒళ్లు పులకరించింది.

కొద్ది రోజులు పట్టుబడి పోయినవి ఇంతకుముందూ ఉన్నాయి. 2006 ఆర్‌హెచ్120 అనేది దాదాపు ఏడాదిపాటు నిజంగానే భూమి చుట్టూ చుట్లు కొట్టింది. దాన్ని మినీ మూన్ అంటే నాకు అభ్యంతరం లేదు.

పీటీ5 వెళ్తూ వెళ్తూ 2025 జనవరి 9న భూమికి సుమారు 18 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. చంద్రుడి దూరానికి అది నాలుగు రెట్లకు పైనే. మళ్లీ ఇటు వచ్చేది 2055లో. అంతకన్నా నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. దాని మీద పడి తిరిగి వచ్చిన సూర్యకాంతిని విడదీసి చూస్తే, అది మామూలు గ్రహశకలాల కాంతికన్నా చంద్రుడి మీది నుంచి తెచ్చిన రాళ్ల కాంతిని ఎక్కువగా పోలి ఉంది. ఎప్పుడో చంద్రుణ్ణి ఏదో గుద్దినప్పుడు ఎగిరిపడిన పెచ్చు కావచ్చునని శాస్త్రజ్ఞులు అంటున్నారు. ఈ మాట నాయనమ్మగారికి చెబితే, "ఆ పాత చంద్రుడి ముక్కేగా, ఇక రెండో అమావాస్య అక్కర్లేదులే" అని లోపలికి వెళ్లిపోయారు.