బుజ్జికి క్రాసింగ్ చేయించే ముందు

చిరంజీవి స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ ఆడకుక్క బుజ్జికి క్రాసింగ్ చేయిద్దామని, అంటే మగకుక్కతో జత కట్టిద్దామని అనుకుంటున్నారని, మగ పొమేరియన్ ఉన్న అబ్బాయెవరో ఫీజు వద్దు, ఒక పిల్లనిస్తే చాలన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఈ చిన్న కుక్కల కాన్పులు ఏళ్ల తరబడి ఇంట్లోనే చూసినదాన్ని కాబట్టి, నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

"ఒక్క కాన్పయినా కాకపోతే ఆడకుక్కకి జబ్బు చేస్తుంది" అని మీ అత్తగారు అంటున్నారట. ఆవిడ మీద గౌరవం ఉంది గానీ, అది వట్టి మాట. పిల్లల్ని పెట్టినా పెట్టకపోయినా వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టొచ్చు. బుజ్జి ఆరోగ్యమే నీ బెంగ అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించు, ఆ భయమూ పోతుంది.

కాదు, పిల్లలే కావాలంటావా, ముందు దాన్ని తూకం వెయ్యి. రెండు కిలోలు కూడా లేదని మీ అమ్మ అంది. "టీకప్" అని చెప్పి నీకు ఎక్కువ ధరకి అమ్మారు గానీ, కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ గుర్తించిన జాతుల్లో అలాంటిదేమీ లేదు. మరీ చిన్నగా ఉన్న పిల్లని అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరది. అంత చిన్న కడుపులో తరచూ ఒకటి రెండు పిల్లలే పడతాయి. ఒక్కటే అయితే బాగా పెరిగి దారిలో ఇరుక్కోవచ్చు, అప్పుడిక సిజేరియనే. ఆ బరువున్న కుక్కకి మత్తు ఇవ్వడమంటే డాక్టర్లకే టెన్షన్. నిజంగా రెండు కిలోలు లేకపోతే ఈ ఆలోచన మానుకో. నేనైతే చేయించను.

బరువు సరిపోయినా తొందరపడకు. 2017లో కుక్కల పెంపకం మీద కేంద్రం రూల్స్ తెచ్చింది. 18 నెలలు నిండని ఆడకుక్కకి క్రాసింగ్ చేయించకూడదు, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మకానికి పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. బుజ్జికి ఇంకా ఏడాదే కదా!

ఈలోగా రెండు కుక్కల మోకాళ్లూ డాక్టరుకి చూపించు. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఎత్తేసి నాలుగడుగులు గెంతి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచిందంటే మోకాలి చిప్ప జారుతోందని అనుమానించాలి. అది పిల్లలకీ రావచ్చు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే కాగితంలో తాతముత్తాతల పేర్లుంటాయి గానీ మోకాలి సంగతి ఉండదు. జత కట్టినప్పుడు అంటుకుని కడుపు పోగొట్టే బ్రూసెల్లా అనే రోగానికి పరీక్ష కూడా రెండు కుక్కలకీ చేయించాలి. ఆ అబ్బాయి "మావాడికి ఏ రోగమూ లేదండీ" అంటే సరిపోదు.

కడుపు నిలిస్తే సుమారు 63 రోజులు. 55 దాటాక ఎక్స్‌రే తీయిస్తే లోపల ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. రాత్రి రెండింటికి సిజేరియన్ చేసే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కో. "పొద్దున్న తీసుకురండి" అనే చోటు పనికిరాదు. నొప్పులు గట్టిగా తీస్తూ అరగంటైనా పిల్ల రాకపోయినా, మొదటి పిల్ల కంటే ముందే ఆకుపచ్చగా కారినా వెంటనే బయల్దేరాలి. కుక్కల్ని పెంచి అమ్మే కెన్నెల్ కుర్రాళ్లు నొప్పులు రావడానికి ఇంజెక్షన్ ఇస్తామంటారు, చెయ్యి వెయ్యనివ్వకు. పిల్ల అడ్డంపడి ఉంటే గర్భసంచి చిరిగిపోవచ్చు.

అసలు కష్టం పుట్టాక మొదలవుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో గుడ్డ పరిచి పిల్లని పడుకోబెడితే నూట పది, నూట ఇరవై గ్రాములు చూపిస్తుంది. రోజూ అదే వేళకి తూచి గోడ మీద రాసుకో. పెరగకపోతే ఆ పూటే డాక్టరుకి ఫోన్ చెయ్యి, రేపు చూద్దామంటే రేపటికి ఉండదు. పిల్ల ఒళ్లు చల్లగా ఉంటే కంగారుపడి పాలు పట్టకు. చల్లబడిన పిల్లకి పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబెట్టాలి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

తల్లినీ కనిపెట్టి ఉండాలి. పాలిస్తున్న రెండో మూడో వారంలో రొప్పుతూ, కాళ్లు బిగుసుకుపోయి, వణుకుతూ తిరిగిందంటే ఒంట్లో కాల్షియం పడిపోయిందన్నమాట. పిల్లల్ని పక్కకి తీసి ఆటో ఎక్కాల్సిందే. "అందుకే కడుపుతో ఉన్నప్పుడే కాల్షియం టానిక్ పోస్తాం" అంటారు చాలామంది. అది తలకిందుల వైద్యం. బయటినుంచి పోస్తూ ఉంటే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది, తీరా పాలిచ్చే వేళకి ముప్పు ఎక్కువవుతుంది.

నెల తిరక్కుండానే బంధువులంతా నాకొకటి, నాకొకటి అంటారు. అద్దె ఇంటివాళ్లకి ఓనరు ఒప్పుకున్నాకే ఇవ్వు. ఎవరు వద్దనుకున్నా నీకే తిరిగి ఇచ్చేయాలని ముందే చెప్పు, ఆ మాటకి మొహం మాడ్చుకునేవాళ్లకి అసలివ్వకు. అలా తిరిగొచ్చినదాన్ని ఎక్కడ ఉంచుతావో మీ ఆయన్ని ఇప్పుడే అడుగు.

ఆదివారంలోగా బుజ్జి బరువు తూచి నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఆ అబ్బాయికి మాట ఇవ్వకు.

మీ పెద్దమ్మ