అరిష్టమా, సూచికా?

సందేహం: నోటి క్యాన్సర్ మీద ఒక వ్యాసంలో 'రోగుల ఫలితాలను ముందే చెప్పే ఎంజైమ్ అరిష్టాలు' అని రాశారు. ప్రాగ్నోస్టిక్ మార్కర్‌ని, అంటే జబ్బు ముందుముందు ఎలా ఉంటుందో చెప్పే గుర్తుని, అరిష్టం అనొచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 'రోగుల ఫలితాలు' సంగతి చూద్దామమ్మా. రోగులేమన్నా పరీక్ష రాశారా ఫలితాలు రావడానికి? జబ్బు మందుకి లొంగుతుందా, మళ్లీ తిరగబెడుతుందా అన్నదే కదా విషయం, అలాగే రాస్తే ఏం పోయింది!

ఇక అరిష్టం. ఈ మాటంటే నాకు ప్రాణం. రిష్ అంటే చెరపడం, ముందు 'అ' చేరితే చెరుపు లేనిది, అంటే క్షేమం. అదే మాట కీడుకీ వచ్చింది, అమరకోశం శుభానికీ అశుభానికీ రెండింటికీ అరిష్టమనే చెప్పి పురిటింటికి కూడా ఆ పేరే పెట్టింది. కుంకుడు, వేప, మజ్జిగ కూడా అరిష్టాలే. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం తెలుసుగా, కషాయంలో బెల్లం, ధాతకీ పూలు వేసి పులియబెడతారు, చెడిపోదు కనక అరిష్టం. చిత్రమేంటంటే ఎంజైమ్ కూడా పులుపులోంచి పుట్టిన మాటే, 'పులిసిన పిండిలో ఉన్నది' అని అర్థం వచ్చేలా 1870ల్లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కూనే గ్రీకులోంచి తెచ్చి పెట్టాడు.

కానీ వైద్యంలో అరిష్టం చాలా కఠినమైన మాట. పువ్వు కాయనీ, పొగ నిప్పునీ, మబ్బు వాననీ చెప్పినట్టు అరిష్టం చావుని చెబుతుందంటాడు సుశ్రుతుడు. చరకుడైతే కాయ కాయని పువ్వన్నా ఉంటుందేమో గానీ చావు రాని అరిష్టం లేదన్నాడు. మరి ఆ వ్యాసంలోని ఎంజైమ్, ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్), అలాంటిదా? క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఉన్నా చక్కెరని లాక్టేట్‌గా మార్చేస్తుంటాయి, ఆ మార్పులో చివరి మెట్టు నడిపే ఎంజైమే ఇది, అందుకే రక్తంలో, లాలాజలంలో పెరగొచ్చు. అయితే గుండెపోటొచ్చినా లివర్ దెబ్బతిన్నా పెరుగుతుంది, ఆఖరికి రక్తం తీసేటప్పుడు ట్యూబులో ఎర్రకణాలు పగిలినా ఎక్కువే చూపిస్తుంది. గడ్డ ఎంతుంది, మెడలో లింఫ్ గ్రంథులకి పాకిందా అన్నవి చూడకుండా ఈ ఒక్క అంకె పట్టుకుని ఏ డాక్టరూ తీర్పు చెప్పడు.

కాబట్టి 'సూచిక' చాలు. నన్నడిగితే 'సాధ్యాసాధ్య సూచిక' అంటాను, మనవాళ్లు జబ్బుల్ని సుఖసాధ్యం (తేలిగ్గా నయమయ్యేది), కృచ్ఛ్రసాధ్యం (కష్టం మీద నయమయ్యేది), యాప్యం, అసాధ్యం అన్నారు కదా, అందులో యాప్యం ఎంత మంచి మాటో చూడండి, నయం కాకపోయినా మందుతో అదుపులో పెట్టుకుంటూ నెట్టుకొచ్చేది. బరువనిపిస్తే 'జబ్బు తీరు చెప్పే సూచిక' అన్నా నాకు అభ్యంతరం లేదు. అరిష్టం బొత్తిగా తప్పని అనను, నిఘంటువు ఒప్పుకుంటుంది. కానీ ఆ వ్యాసం చదివేది నోట్లో పుండుతో, చేతిలో రిపోర్టుతో కూర్చున్న మనిషి కావచ్చు, వాళ్ల కంట ఆ మాట పడకూడదమ్మా.