బాట లేని కొండ గురించి రాసేటప్పుడు

హైదరాబాద్

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణ వ్యాసం నిదానంగా చదివాను. డిసెంబరు చలిలో, ఒక్క స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ ఊరి నుంచి అందరూ నడిచే బాట వదిలేసి, అడవిలోంచి కేదార్‌కంఠ శిఖరం ఎక్కడం మామూలు విషయం కాదు. నీ భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయినా చివరి పేజీ చదివాక కూడా మీరిద్దరూ ఆ కొండ ఎలా ఎక్కారో నాకు అర్థం కాలేదు. అది ఎంత అందంగా ఉందో మాత్రం పదే పదే తెలిసింది.

ముందుగా సులువైన పని చెబుతాను. మొదటి రెండు పేజీలూ కొట్టేయి. శంషాబాద్‌లో విమానం ఎక్కడం, డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీల మీదుగా దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో జీపు ప్రయాణం, ఇవన్నీ ఒక వాక్యంలో ఇముడుతాయి. ఆ తర్వాత 'వెండికొండ', 'మంచు దుప్పటి', 'ప్రకృతి ఒడి', 'మాటలకందని అనుభూతి' అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి తీసేయి. ఇవి కొండను చూడని వాళ్ళు కూడా రాయగలిగిన మాటలు. 'మాటలకందని' అని రాసిన చోటైతే, రాయవలసినవాడు పని మానేసి పక్కకు జరిగాడనే పాఠకుడు అనుకుంటాడు.

ఇక అసలు సంగతి. బాట మీద నడిచేవాడికి ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో బాటే చెబుతుంది. ఆ పని అతనికంటే ముందు నడిచినవాళ్ళు ఎప్పుడో చేసిపెట్టారు. బాట వదిలిన మరుక్షణం నుంచి ఆ భారమంతా మీ ఇద్దరి మీద పడింది. ఏ చెట్టు పక్కనుంచి, ఏ వాలు మీదుగా, ఎంతసేపు, ఎవరు ముందు అన్న ప్రశ్నలకు మీరే జవాబు చెప్పుకుంటూ వెళ్ళారు. నీ వ్యాసానికి కథ అదే. దృశ్యాలు దాని చుట్టూ వాటంతట అవే వచ్చి చేరతాయి.

నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోటు ఒకటి చూపిస్తాను. 'మోకాలి లోతు మంచులో కష్టపడి నడిచాం' అన్నావు. ఆ మంచు ఎలాంటిది? పగటి ఎండకు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచు మీద అప్పడంలాంటి పెళుసు పొర ఏర్పడుతుంది. అడుగు వేస్తే ఒక్క క్షణం ఆగుతుంది. బరువంతా ఆ కాలి మీదికి మార్చగానే విరిగి, కాలు మోకాలి దాకా దిగిపోతుంది. ఆ కాలు పైకి లాగి మళ్ళీ అదే పొర మీద మోపాలి. ముందు నడిచేవాడికి ఈ శ్రమంతా, వెనక వచ్చేవాడికి అతని అడుగుల గుంతలు. నీ స్నేహితుడు నీకంటే బరువైనవాడని వేరే సందర్భంలో రాశావు. అంటే నిన్ను ఆపిన పొర అతని కింద విరిగి ఉంటుంది. ఎంతెంత దూరానికి మీరు వంతులు మార్చుకున్నారు? ఇక మార్చుకుందామని ముందుగా అడిగింది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాస్తే, స్నేహం గురించి నువ్వు రాసిన పేరా మొత్తం అనవసరమవుతుంది.

తర్వాత నాలా దగ్గర, అంటే వాలులో నీళ్ళు కోసిన చీలిక దగ్గర, జరిగినది. నేరుగా పైకి వెళ్ళే ఆ చీలిక దగ్గరి దారిలా కనిపించినా, దాన్ని వదిలి చుట్టుతిరిగి కొండ వెన్ను మీదికి ఎక్కామని రాశావు, ఎందుకో రాయలేదు. మంచుచరియల్లో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే విరిగిపడతాయి. గాలి ఒకవైపు మంచును ఊడ్చుకొచ్చి, గాలి తగలని రెండోవైపు వాలు మీద కుప్పవేస్తుంది. పైన విరిగినది చీలికల గుండానే కిందికి దిగుతుంది. వెన్ను మీద గాలి కొరికేస్తుంది కానీ, అక్కడ మంచు పలుచగా, గట్టిగా ఉంటుంది. ఇవి భూగోళం పాఠంలా విడిగా చెప్పకు. మీరిద్దరూ ఆ నాలా ముందు నిలబడి వాదించుకున్నప్పుడు ఎవరి నోట ఏ కారణం వచ్చిందో అలాగే రాయి. వాదన జరగలేదంటే నేను నమ్మను. నీ వ్యాసంలో ఆ స్నేహితుడు ఫొటోలు తీసి, టీ కాచి, నవ్వి ఊరుకున్నాడు. అంత నెమ్మదస్తుడు డిసెంబరులో బాట వదిలి రాడు.

చలి, ఎత్తు గురించి కొంచెం జాగ్రత్త అవసరం. నీ పాఠకుల్లో చాలామంది ఈ నగరంలోని చలికాలం తప్ప వేరేది ఎరగనివాళ్ళు. మైనస్ పది అంటే వాళ్ళకు అది అంకె మాత్రమే. నీళ్ళ సీసాను తలకిందులుగా పెట్టుకున్నామని ఎక్కడో ఒకచోట అన్నావు. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి, తిరగేస్తే మూత దగ్గర మంచు పట్టదని కూడా చెప్పు; ఆ ఒక్క సీసాతో చలి అర్థమవుతుంది. బూటు లేసు బిగించడానికి గ్లౌజు తీసినప్పుడు వేళ్ళు ఎంతసేపటికి మాట వినడం మానేశాయో చెప్పు. ఇక 'పైన ఆక్సిజన్ శాతం తగ్గిపోయింది' అన్నది తప్పు. శాతం ఎక్కడైనా 21 చుట్టూనే ఉంటుంది, తగ్గేది గాలి పీడనం. సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా ఉంటుంది.

శిఖరం మీద నువ్వు మూడు పేజీలు రాశావు, దిగడం గురించి నాలుగు వాక్యాలు. నాకైతే ఇది తలకిందులుగా తోచింది. స్వర్గారోహిణి, బందర్‌పూంచ్, కాలానాగ్ శిఖరాలు కనిపించాయని చెబితే చాలు, ఆ పేర్లే సగం పని చేస్తాయి. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం అయిదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. ఎన్నింటికి వెనుదిరగాలని ముందే అనుకున్నారు, ఆ గడువు దాటారా లేదా, మధ్యాహ్నం ఎండకు మెత్తబడిన మంచులో మీ పాత అడుగులు దొరికాయా? దొరకకపోతే ఏం చేశారో తెలుసుకోవాలని నాకు నిజంగా ఉంది.

ఇంకో మాట, రచనకు సంబంధించినదే. ఆ ప్రాంతం గోవింద్ వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. అటవీశాఖ అనుమతి తీసుకున్నారా, స్థానికులెవరినైనా దారి అడిగారా అన్నది దాచకుండా రాయి. నీ వ్యాసం చదివి కాటన్ స్వెట్టరుతో, ఫోను మ్యాపు నమ్ముకుని బయలుదేరే కుర్రవాడు ఒకడైనా ఉంటాడు. తడిసిన నూలు బట్ట వెచ్చదనం ఇవ్వదనీ, చలికి ఫోను బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుందనీ అతనికి నీ ద్వారానే తెలియాలి. మీరు వెళ్ళిన దారి గుర్తులు మాత్రం పూసగుచ్చినట్టు ఇవ్వకు. ఆ దారి ఆ రోజు మంచుకు సరిపోయింది, మరునాటికి సరిపోకపోవచ్చు.

తిరగరాసే ముందు ఒక ఆదివారం పొద్దున్నే అదే స్నేహితుడితో ఖాజాగూడ గుట్టలకు వెళ్ళు. అక్కడ మంచు ఉండదు, ప్రమాదమూ తక్కువే. కానీ బండల మధ్య ఎటు వెళ్ళాలో ప్రతిసారీ ఎంచుకోక తప్పదు. ఆ ఎంపికలను మాత్రమే ఒక పేజీ రాసి చూడు, చేయి అలవాటు పడుతుంది. కొత్త ప్రతి సిద్ధమయ్యాక దాన్ని ముందుగా అతనికే ఇవ్వు. 'ఇలా జరగలేదు' అని అతను గీసిన చోట్లను సరిదిద్దకుండా, అతని మాటలను మార్జిన్‌లో అలాగే ఉంచి నాకు పంపు. ముందుగా వాటినే చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి