ఉక్రెయిన్ తల్లీకొడుకులను పంపించేయడం పాపమా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు మా పిన్ని కొడుకు ఖార్కివ్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. మెట్రో స్టేషన్‌లో తలదాచుకుని, ఎలాగో పోలండ్ చేరి, ఆపరేషన్ గంగ విమానంలో ఇల్లు చేరాడు. దారిలో అక్కడివాళ్లే అన్నం పెట్టారట. ఆ కృతజ్ఞతతో, ఉక్రెయిన్ శరణార్థులను ఇంట్లో ఉంచుకునే ‘హోమ్స్ ఫర్ ఉక్రెయిన్’ పథకంలో పేరు ఇచ్చాను. ఆ జూన్‌లో ఖార్కివ్ నుంచే ఒక లెక్కల టీచరు, పదేళ్ల కొడుకుతో మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త సైన్యంలో ఉన్నాడు. ఆరు నెలలు అనుకున్నది నాలుగేళ్లు దాటింది. మా పాప ఇప్పటికీ మా గదిలోనే పడుకుంటోంది. వచ్చే మార్చిలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వస్తానంటున్నారు. కిందటిసారి వచ్చినప్పుడు ఫ్రిజ్‌లో పంది కొవ్వు చూసి నానా గొడవా చేశారు. ‘ఆ రుణం ఎప్పుడో తీరిపోయింది, ఇక పంపించు’ అంటున్నారు మావారు. ఆమె కూడా ఈ మధ్య ముభావంగా ఉంటోంది, గిడ్డంగిలో పనికి వెళ్లి వచ్చి గదిలోంచి బయటికి రాదు. వాళ్ల వీసా డిసెంబరులో అయిపోతుంది. ఇప్పుడు వెళ్లమంటే ఆ పిల్లాణ్ణి యుద్ధంలోకి తోసినట్టే కదా? నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మీ ఇంట్లోంచి వెళ్లినంత మాత్రాన వాళ్ల అనుమతి రద్దు కాదు. మొదటి వీసాకు మీరు స్పాన్సరు, నిజమే. ఆ మూడేళ్లూ 2025లోనే అయిపోయాయి. ఇప్పుడు ఆమె ఉంటున్నది 18 నెలల ‘ఉక్రెయిన్ పర్మిషన్ ఎక్స్‌టెన్షన్’ మీద. దానికి స్పాన్సరు అక్కర్లేదు, సొంతంగా అద్దెకున్నా సరిపోతుంది. అది ముగిశాక మరో 24 నెలలు ఇస్తామని 2025 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తుకు రుసుము లేదు, ఆరోగ్య సర్‌చార్జీ లేదు. చేయాల్సిందల్లా డిసెంబరు గడువు దాటకముందే దరఖాస్తు పెట్టడం, తల్లి పేరున ఒకటి, పిల్లాడి పేరున ఇంకొకటి. కాబట్టి ‘యుద్ధంలోకి తోయడం’ అన్న మాట ఇక తలలోంచి తీసేయండి.

ఒక హెచ్చరిక. వీసా విషయంలో మీరు సలహాదారు కావద్దు. పని వీసా నుంచి శాశ్వత నివాసం దాకా నడిచిన మన వాళ్లలో ప్రతివారూ ఒక చిన్న లాయరే. కానీ మీ లెక్కలు ఆమెకు సరిపోవు. ఉక్రెయిన్ పథకాల కింద గడిపిన కాలం శాశ్వత నివాసానికి లెక్కలోకి రాదు. నాలుగేళ్లున్నా, ఆ లెక్కలో ఆమె మొదటి రోజునే నిలబడి ఉంది. పైగా అనుమతి లేనివారు వలస సలహా ఇవ్వడం అక్కడ నేరం. సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వారిని అడిగితే అర్హత ఉన్న ఉచిత సలహాదారు ఎక్కడున్నారో చెబుతారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి: మీవారు ఏమన్నారు, అత్తగారు ఏమన్నారు, పాప ఎక్కడ పడుకుంటోంది. ఆమెతో మీరు ఏం మాట్లాడారో ఒక్క వాక్యం లేదు. 2022లో ఆ పథకం అడిగింది కనీసం ఆరు నెలలు. మీవారు ఒప్పుకున్నదీ ఆ ఆరు నెలలకే. ఏడో నెల వచ్చినప్పుడు మీరెవరూ కూర్చుని ‘ఇంకెన్నాళ్లు?’ అనుకోలేదు. ఆమె వీసా తేదీ మీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. మీ ఇంటి గడువు మాత్రం ఎవరికీ తెలియదు. మీవారి విసుగుకు మూలం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఆయన రాతిగుండె మనిషి కాదు, రాతిగుండె అయితే నాలుగేళ్లు కూతురిని పక్కన పడుకోబెట్టుకుని ఊరుకునేవారు కారు. తనను అడగకుండానే ప్రతి నెలా తన తరఫున సరే అంటున్నారన్నది ఆయన బాధ. అందుకే మొదటి సంభాషణ ఆయనతో. రుణం తీరిందా లేదా అన్న వాదనలోకి దిగకండి, దానికి లెక్క తేలదు. ఒక తేదీ మీద ఇద్దరూ ఒప్పుకోండి.

ఆమె ముభావం గురించి. మీరు దాన్ని కృతఘ్నతగా చూస్తున్నారేమోనని నా అనుమానం. నాలుగేళ్లుగా ఆమె ఇంకొకరి వంటింట్లో, ఇంకొకరి గిన్నెల్లో వండుకుంటోంది. ప్రతిరోజూ ముఖం మీద కృతజ్ఞత పెట్టుకుని తిరగడం ఎంత అలసటో, పుట్టింట్లో చాలా రోజులు ఉండిపోవాల్సి వచ్చిన ఆడపడుచులు ఎవరైనా చెబుతారు. అత్తగారు తెలుగులో అన్న మాటలు ఆమెకు అర్థం కాకపోవచ్చు, గొంతు అర్థమవుతుంది. భర్త సైన్యంలో ఉన్నాడు. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకూడదని యుద్ధం మొదటి రోజునే నిబంధన పెట్టారు. 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ల వాళ్లకు సడలించారు తప్ప ఆయన వంటివాళ్లకు కాదు. రాత్రి ఫోను మోగినా భయమే, మోగకపోయినా భయమే. గదిలోంచి బయటికి రాని మనిషి మీ మీద అలిగిందనుకోకండి. బహుశా ఆమె కూడా తేదీ కోసమే ఎదురుచూస్తోంది, అడగలేకపోతోంది.

ఫ్రిజ్ తగువుకు చిన్న ఫ్రిజ్ ఒకటి కొంటే సరి. సాలో అనే ఆ పంది కొవ్వు వాళ్లకు మన ఆవకాయ వంటిది, దాన్ని వదులుకోమనకండి. అత్తగారికి సర్ది చెప్పడం మీ పని కాదు, మీవారి పని.

డబ్బు గురించి మీరు రాయలేదు కానీ మీవారి మనసులో ఉండే ఉంటుంది. మొదట్లో ఆతిథ్యమిచ్చిన ఇంటికి ప్రభుత్వం నెలకు 350 పౌండ్ల ధన్యవాద భత్యం ఇచ్చేది, ఎంతమంది ఉన్నా అంతే. మొదటి ఏడాది తర్వాత 500 చేశారు, 2025 ఏప్రిల్ నుంచి మళ్లీ 350కి దించారు. అది తీసుకుంటూ అద్దె అడగకూడదు. గ్యాసు, కరెంటు ఖర్చుల్లో సబబైన వాటా అడగవచ్చు. అడగండి కూడా. ఆమె ఇవ్వగలిగితే అది ఆమెకు మర్యాదే అవుతుంది.

ఇప్పుడు వరుస. ఇల్లూ వీసా వేర్వేరు విషయాలే, అయినా ఏది ముందు అన్నది ముఖ్యం. డిసెంబరుతో ముగిసే అనుమతి చూపిస్తే ఇంటి యజమాని వెనకాడతాడు. పొడిగింపు చేతికొచ్చాక అద్దె ఇల్లు వెతకడం తేలిక. కాబట్టి ముందు దరఖాస్తు, ఆ తర్వాత ఇల్లు, ఫిబ్రవరి చివరికి గది ఖాళీ. ఈ తేదీని ఆమెకూ మీ ఊరి కౌన్సిల్‌కూ (స్థానిక పాలక సంస్థకు) రాతపూర్వకంగా చెప్పండి. రెండు నెలల ముందు చెప్పడం పద్ధతి, మీరు ఇంకా ముందే చెప్పగలరు. వేరే ఆతిథ్య కుటుంబం దొరుకుతుందా, డిపాజిట్‌కు సాయం ఉందా అని కౌన్సిల్‌ను అడగండి, చాలా చోట్ల ఉంటుంది. సొంతంగా అద్దెకు వెళితే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ సాయంలో అద్దె భాగం కూడా ఆమె అడగవచ్చు. మీ ఇంట్లో అద్దె లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ భాగం వచ్చి ఉండదు. ఏదీ కుదరకపోతే, ఇల్లు పోయే ప్రమాదం 56 రోజుల్లో ఉందనగానే కౌన్సిల్ పట్టించుకోవాల్సిన బాధ్యత చట్టంలో ఉంది. ఆ దారిని చివరికి ఉంచుకోండి. ఎందుకంటే తాత్కాలిక బస ఎక్కడో దూరపు ఊళ్లో దొరకవచ్చు. పిల్లాడికి పద్నాలుగేళ్లు, మన పదో తరగతి పరీక్షల వంటి జీసీఎస్‌ఈ చదువు మొదలయ్యే వయసు. ఈ దశలో బడి మారితే సబ్జెక్టులూ మారతాయి, పరీక్ష బోర్డూ మారవచ్చు. ఒక్క ఊరు కోల్పోయింది చాలు వాడికి. ఇల్లు చిన్నదైనా సరే, ఆ బడికి బస్సు దూరంలోనే వెతకండి.

ఇంకొక సంగతి ఆమెకు తెలుసో లేదో. విదేశీ టీచర్లు ఇంగ్లండ్‌లో బోధన అర్హత కోసం నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలును 2023 ఫిబ్రవరిలో మరికొన్ని దేశాలకు విస్తరించారు. ఆ జాబితాలో భారత్ ఉంది, ఉక్రెయిన్ కూడా ఉంది. లెక్కల టీచర్లకు అక్కడ కొరత. డిగ్రీ, బోధన అనుభవం, ఇంగ్లీషు చూస్తారు. దరఖాస్తు ఉచితం. ఇంగ్లీషు అడ్డమైతే కాలేజీలో భాష తరగతులు ఉంటాయి. గిడ్డంగి జీతంతో రెడింగ్ అద్దె కట్టడం కష్టం, బడిలో సహాయకురాలిగా చేరినా ఒక మెట్టు ఎక్కినట్టే. దీన్ని ఇల్లు ఖాళీ చేయమని చెప్పిన రోజునే చెప్పకండి, తాయిలం పెట్టినట్టు ఉంటుంది. వారం ఆగండి.

చెప్పే రోజు మీరూ మీవారూ ఇద్దరూ కూర్చోండి. ఆమె ఇంగ్లీషు చాలదనిపిస్తే దుబాసీని కౌన్సిల్‌ను అడగండి. ఎట్టి పరిస్థితిలోనూ పిల్లాడితో అనువాదం చేయించకండి. తన గది పోతోందన్న మాట వాడి నోటితో తల్లికి చెప్పించకూడదు. మాటలు పొడుగ్గా వద్దు. ‘ఫిబ్రవరి చివరిదాకా ఈ ఇల్లు మీదే. ఈలోగా ఇల్లు వెతకడంలో, కాగితాల్లో తోడుంటాం. మార్చిలో అత్తగారు వస్తున్నారు, పాపకు గది కావాలి.’ అంతే. యుద్ధం ఊసు, రుణం ఊసు, మీవారి విసుగు ఊసు ఎత్తకండి. ఆమె ఏడ్చినా, అసలు ఏమీ అనకపోయినా, మీరు తేదీ మార్చకండి. ఆ రాత్రి జాలిపడి ‘చూద్దాంలే’ అంటే మళ్లీ ఏడో నెలకు వచ్చి నిలబడతారు.

పాపకు మరుసటి రోజు చెప్పండి. నాలుగేళ్లుగా ఆ పిల్లాడే దానికి అన్న. ఆదివారాలు భోజనానికి వస్తారా అని అడుగుతుంది. వస్తారని మీకు నమ్మకం ఉంటేనే వస్తారని చెప్పండి.

పాపమా అని అడిగారు. కాదు. అత్తగారికి టికెట్ కొనేశాక హడావిడిగా పంపిస్తే మాత్రం తప్పే. అందుకే టికెట్ బుక్ చేయమని మీవారితో అనేముందు, ఈ వారంలోనే కౌన్సిల్‌కు ఫోను చేయండి.