టెక్ సందేహాలు: ఫైల్ కళ్లముందే ఉన్నా సెర్చ్‌లో దొరకదేం?

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్ వాడుతున్నాను. మా అమ్మాయి మార్కుల మెమోలు, ఇంటి పన్ను రసీదులు డి డ్రైవ్‌లో పెట్టుకున్నాను. స్టార్ట్ మెనూలో పేరు కొడితే ఏమీ రావడం లేదు. ఫోల్డర్ తెరిస్తే మాత్రం అక్కడే ఉంటున్నాయి. విండోస్ మళ్లీ వేయాలంటున్నారు షాపులో. వేయించమంటారా?
– ఒక గృహిణి, ఖమ్మం

వద్దండీ. మీ విండోస్‌కి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. మీరు పేరు కొట్టగానే కంప్యూటర్ డిస్క్ అంతా గాలించదు. ముందే రాసిపెట్టుకున్న ఒక జాబితాలో చూస్తుంది. దాన్నే ఇండెక్స్ అంటారు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే ఇది. అందులోకి ఎక్కని పేజీ పుస్తకంలో ఉన్నా వెతికేవాళ్లకు దొరకదు.

ఆ జాబితాలో డి డ్రైవ్ మామూలుగా ఉండదు. సెర్చ్ ‘క్లాసిక్’ పద్ధతిలో ఉంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ వంటి చోట్లకే పరిమితమవుతుంది. మన దగ్గర ల్యాప్‌టాప్ కొనగానే డిస్క్‌ని సి, డి అని విడగొట్టించి, ముఖ్యమైనవన్నీ డిలో దాచుకోవడం చాలామందికి అలవాటు. ఫార్మాట్ చేసినా అవి పోకూడదని. మంచి అలవాటే, మానుకోనక్కర్లేదు. డిలో ఫైళ్లు ఉన్నాయని సెర్చ్‌కి మనమే చెప్పాలి, అంతే.

స్టార్ట్ మెనూలో ‘ఇండెక్సింగ్ ఆప్షన్స్’ అని కొట్టి తెరవండి. ‘మాడిఫై’ నొక్కితే డ్రైవ్‌ల పేర్లు వస్తాయి. డి డ్రైవ్ పక్కనున్న బాణం నొక్కి, మీ మెమోలు, రసీదులు ఉన్న ఫోల్డర్‌కి టిక్ పెట్టి ఓకే చేయండి. పైన అంకె పెరుగుతూ కనిపిస్తుంది. ‘ఇండెక్సింగ్ కంప్లీట్’ అని వచ్చాక వెతకండి. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘ఎన్‌హాన్స్‌డ్’ ఎంచుకుంటే కంప్యూటర్ మొత్తం జాబితాకి ఎక్కుతుంది గానీ, పాత ల్యాప్‌టాప్ అయితే నేను సిఫార్సు చేయను. బ్యాటరీ మీద, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. కావాల్సిన ఫోల్డర్లు చేర్చుకుంటే సరిపోతుంది.

చేర్చాక కూడా దొరక్కపోతే స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని కొట్టి తెరిచి ‘విండోస్ సెర్చ్’ అనే వరుస చూడండి. అక్కడ ‘డిసేబుల్డ్’ అని ఉందంటే దాన్ని ఎవరో ఆపేశారన్నమాట. కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందంటూ దీన్ని ఆపేయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. దయచేసి వాటిని నమ్మకండి. ఆ వరుస మీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ని ‘ఆటోమేటిక్ డిలేయ్‌డ్ స్టార్ట్’కి మార్చి, ‘అప్లై’ నొక్కి, తర్వాత ‘స్టార్ట్’ నొక్కండి. ఇక చివరి మందు ‘రీబిల్డ్’. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో ‘అడ్వాన్స్‌డ్’ లోపల ఉంటుంది. అది పాత జాబితాని చెరిపి కొత్తది రాస్తుంది. మీ ఫైళ్ల జోలికి పోదు, ఒక్కటీ పోదు. కాకపోతే ఫైళ్లు ఎక్కువుంటే గంటలు పడుతుంది, అందాకా ఫలితాలు సగం సగమే వస్తాయి. రాత్రి ఛార్జర్ పెట్టి, ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా చూసి వదిలేయండి.

మీ రసీదులు స్కాన్ చేసినవైతే ఇంకో సంగతి. స్కాన్ కాపీ అంటే అక్షరాల ఫొటో. లోపలి అంకెతోనో, పేరుతోనో వెతికితే విండోస్ సెర్చ్‌కి అది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఫైల్ పేరులోనే సంవత్సరం, ఇంటి నంబరు రాసుకోండి.

ప్రశ్న: నేను రాసిన వ్యాసాలన్నీ వర్డ్ ఫైళ్లుగా ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ‘కృష్ణా పుష్కరాలు’ అని వెతికితే కొత్తవి వస్తున్నాయి, పాతవి రావడం లేదు. తెరిస్తే ఆ మాటలు చక్కగా కనిపిస్తున్నాయి.
– రిటైర్డ్ తెలుగు పండితులు, తెనాలి

మాస్టారూ, పాత ఫైల్ ఒకటి తెరిచి, ఒక పేరా సెలెక్ట్ చేసి ఫాంట్‌ని ఏరియల్‌కి మార్చి చూడండి. తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తే అవి అను లాంటి పాత ఫాంట్లతో కొట్టినవే. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచింది అవే. ఆ ఫైళ్లలో దాచి ఉన్నది నిజానికి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వాటి మీద ఫాంట్ తెలుగు బొమ్మ గీస్తుంది. మన కంటికి ‘కృ’ అని కనిపించినా సెర్చ్‌కి అది ‘కృ’ కాదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం యూనికోడ్. తెలుగుకి అందులో 1991లోనే చోటు దక్కింది, కొత్త వ్యాసాలు అందులో కొట్టారు కాబట్టి దొరుకుతున్నాయి.

దీనికి రీబిల్డ్ పనికిరాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అసలు ఫైల్‌ని కదపకుండా కాపీ తీసి దాన్ని మార్చండి. వత్తులు, అరసున్నలు తారుమారయ్యే ప్రమాదం ఉంది, మీలాంటివారు ఒకసారి ప్రూఫ్ చూసుకోవాల్సిందే. అన్నీ ఒకేసారి చేయలేకపోతే, ముందు ఫైళ్లకు యూనికోడ్ తెలుగులో పేర్లు పెట్టండి. కనీసం పేరుతోనైనా దొరుకుతాయి. ఇంత శ్రమ దేనికనుకోకండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ వ్యాసాలను రేపు మీ పిల్లలు కూడా చదవలేరు.

ప్రశ్న: ‘మార్చిబిల్లు’ అనే ఫైల్ ‘బిల్లు’ అని కొడితే రావడం లేదెందుకు?
– ఒక విద్యార్థి, వరంగల్

ఇండెక్స్ మాట మొదటి నుంచి పోల్చుకుంటుంది, మధ్యలోంచి కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘బిల్లు’కి ముందు నక్షత్రం గుర్తు పెట్టి వెతుకు, వస్తుంది. పేర్లతోనే ఎక్కువగా వెతుకుతావంటే వాయిడ్‌టూల్స్ వాళ్ల ‘ఎవ్రీథింగ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్క్‌లో ఫైళ్ల పట్టిక నేరుగా చదువుతుంది కాబట్టి మాట మధ్యలో ఉన్నా, ఏ డ్రైవ్‌లో ఉన్నా టైప్ చేస్తుండగానే చూపిస్తుంది. ఫైల్ లోపలి విషయం వెతకడానికి మాత్రం విండోస్ సెర్చే మేలు, అందుకే దాన్ని ఆపేయకు.